పొయ్యి పక్క చోటు

గడ్డకట్టిన కస్కోక్విమ్ నది మీద
చలికాలమంతా లారీ తోలుతుంది ఒలింకా.
మంచు కరిగాక అదే దారిన పడవ.
ఈ ఏడు రెండింటి కడుపులోకీ
ఒక్క డబ్బాలోంచే పోసింది.

సింథటిక్.
లీటరు ధర విని మామ గావ్రీలా
చేపలు కోసే కత్తి కింద పెట్టాడు.
"నేలలోంచి పుట్టని నూనెకి
చలి సంగతి ఏం తెలుసే?"

ఆయన రోజుల్లో
ఇంజన్ ఆపగానే నూనంతా బకెట్‌లోకి దించి
ఇంట్లోకి మోసుకొచ్చేవాడు.
పొయ్యి పక్కన, అలిగిన చుట్టాన్ని కూర్చోబెట్టినట్టు.
తెల్లారి ఆ వెచ్చటి నలుపు తిరిగి పోస్తే
అప్పుడు దగ్గేది డీజిల్.

ఇవాళ సున్నాకి నలభై కింద.
తాళం తిప్పింది.
ఒక్క మూలుగు, అంతే, అందుకుంది.
జూన్‌లో అవుట్‌బోర్డూ ఇంతే,
రెండోసారి తాడు లాగనివ్వలేదు.

గావ్రీలా కొలపుల్ల బయటికి తీసి
వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి,
ప్యాంటుకి తుడుచుకున్నాడు.
మంచిదనలేదు. చెడ్డదనీ అనలేదు.

రాత్రి మూడింటికి ఏదో అలికిడి.
లేచి చూస్తే
ఖాళీ బకెట్‌ని
పొయ్యికి ఇంకాస్త దగ్గరగా
జరుపుతున్నాడు.