ఇరవై పాళ్ళు

బుచ్చి బస్టాండు వెనక రేకుల షెడ్డు నాది.
వానలు మొదలైతే
నా కాడికొచ్చే బండ్లన్నిటికీ ఒకటే దగ్గు.

ఆదివారం పొద్దున్నే మాలకొండారెడ్డి తోసుకుంటా వచ్చినాడు.
పదమూడేళ్ళ బండి, సీటు కింద ఇంకా వడ్ల పొట్టు.
"రెండు కిక్కులకు పలికేది జిలానీ,
ఇప్పుడు ఇరవైకి గూడా మొహం తిప్పుకుంటా ఉండాది."

కార్బరేటర్ విప్పినా.
అడుగున జిగురు.
పైపు నొక్కితే నానిన అప్పడంలా చిరిగింది.
వాసన చూసినా. పెట్రోలే.
దాని వెనక సన్నగా ఇంకోటి,
తెల్లారి కుడితి తొట్టి మూత తీస్తే వచ్చే పులుపు.

పాత సెలైన్ సీసాలో గీత దాకా నీళ్ళు పోసి
పైన అతని పెట్రోలు పోసినా.
కుదిపి పక్కన పెట్టి టీ చెప్పినా.
టీ వచ్చే లోపలే నీళ్ళ గీత పైకి జరిగింది.
"చూడు రెడ్డీ,
హుకుం మీద కాపురానికొచ్చింది
నీళ్ళు కనపడంగానే లేచిపోయింది."

నవ్వుతాడనుకున్నా. నవ్వలా.
సీసాని ఎండకెత్తి పట్టుకుని
"ఇందులో నా గింజలెన్నుండాయో" అన్నాడు.

పోయిన ఎడగారు కోతలప్పుడు మూడు రోజుల ముసురు.
నాలుగు పుట్లు కళ్ళంలోనే మొలకెత్తినాయంట.
మిల్లు కాడికి తోలితే
తేమన్నారు, రంగన్నారు, తరుగన్నారు.
పుట్టంటే ఎనిమిదొందల యాభై కిలోలు,
మిల్లు కాటా ఎక్కితే అదీ ఒళ్ళు చేస్తది.
"ఇష్టమైతే దించు, లేకుంటే తోలుకుపో" అన్నారంట.
"స్వేచ్ఛంటే అదేలే జిలానీ.
వద్దనే స్వేచ్ఛ వాళ్ళది,
ట్రాక్టరు బాడుగ నాది."

నాలుగో రోజు సారా ఫ్యాక్టరీ లారీ వచ్చింది.
సారా కాదులే, అది బండ్లు తాగేది.
రంగు అడగలా, మొలక అడగలా,
పులవబోయే దానికి అందమెందుకు?
సగం ధరే. ఆ సగం చేతిలో పడింది.
లారీ నా మీద ప్రేమతో రాలా,
పైనుంచొచ్చిన కాయితం తరిమితే వచ్చింది.

"ఆ కాయితమే ఇప్పుడు నా బండి గొంతు పట్టుకునిందా?"

ఎదురు టిఫిన్ బండి మీంచి వెంగమ్మ అందుకుంది.
"నూకలెంత ఉండాయో తెలుసా మీకు?
మా పిల్లోళ్ళు తినే సంగటి నూకలు!
కొట్లో నా కంటే ముందర
ఇంజన్లు నిలబడుండాయి వరసలో."

నేను స్పానర్ తిప్పతా ఆలోచిస్తా ఉన్నా.
బంకులో రెండు పంపులు పెట్టి
ఇది కలిపింది, ఇది కలపంది, రేటు ఇదని రాసుంటే
నా చేత్తో నేనే కలిపింది కొట్టించుకునేవాడినేమో.
అడగలా.
అడిగుంటే అందరూ వద్దనుంటే
రెడ్డి కళ్ళంలోకి ఆ లారీ వచ్చేదా?
దానికి జవాబు నా టూల్ బాక్సులో లేదు.

కొత్త పైపు తొడిగినా. మూడో కిక్కుకి పలికింది.
"ఎంత?"
"రెండొందల అరవై."
"బేరం లేదా?"
"ఇంకో షెడ్డుకి పో, ఎవురొద్దన్నారు?"

రోడ్డు ఆ కొస నుంచి ఈ కొసకి చూసినాడు.
ఆదివారం. తెరిచింది నాదొక్కటే.

ఇరవై తగ్గించినా.
ఎందుకో ఆ అంకే వచ్చింది నోటికి.