సాక్షి సంతకం

కెజియా, ఆ పెన్నుకి మూత పెట్టు.
ఆరో మంచం ఫారం ఎక్కడికీ పారిపోదు.
థియేటర్ నుంచి ఫోనొస్తే నేను మాట్లాడతా.

పరీక్షలో నువ్వూ రాసే ఉంటావు:
సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు,
సరైన దారి, సరైన వేళ.
నేనూ రాశాను అమలాపురంలో,
మార్జిన్ కొట్టి, ముత్యాల్లాంటి దస్తూరీతో.
సమ్మతి మీద పది మార్కుల ప్రశ్నకి
తొమ్మిదొచ్చాయి.
తప్పిన ఆ ఒక్క మార్కు
సోహార్‌లో దొరికింది.

పోశెట్టిది మెట్‌పల్లి దగ్గర ఊరు.
రేవులో పరంజీ కట్టే పని.
బూటులో ఇసుక ఒరిసి లేచిన పుండు
ఒంట్లో చక్కెర తిని పెరిగింది.
పొద్దున రౌండ్సులో బొటనవేలు తీస్తే చాలన్నారు.
సాయంత్రానికి నలుపు చీలమండ దాటింది,
కాగితం మారింది.
అరబ్బీ ఒక పక్క, ఇంగ్లీషు ఒక పక్క,
నడుమ సన్నటి గీత.
ఆ రెండు పక్కలా పోశెట్టి లేడు.

అవతల ఇద్దరికి రక్తం ఎక్కుతోంది,
డ్యూటీ మారడానికి పదకొండు నిమిషాలుంది.
స్టాంపు ప్యాడ్ చాపి
"వేలు పెట్టన్నా" అన్నాను.
అతను నా మొహంలోకి చూశాడు.
"ఏలేనా, అక్కా?"
"వేలే" అన్నాను.

విన్నావా, కెజియా?
నేను చేతి వేలు చెప్పాను.
అతను కాలి వేలు అడిగాడు.
ఆ వార్డు మొత్తానికి
తెలుగు తెలిసినవాళ్లం మేమిద్దరమే.

కింద అచ్చులో ఉంది:
రోగికి అర్థమయ్యే భాషలో వివరించాను.
దాని కింద నా సంతకం, స్టాఫ్ నంబరు,
ఆరూ నలభై ఏడు.

తెల్లారి మత్తు దిగేసరికి
మోకాలి కింద దుప్పటి చదునుగా ఉంది.
అరవలేదు. చేత్తో తడిమాడు,
పడిపోయిన చిల్లర వెతుక్కున్నట్టు.
"ఏలంటివి గదా" అన్నాడు.
అంతే.

చట్టానికి నాతో పేచీ లేదు.
ముద్ర ఉంది, తేదీ ఉంది, సాక్షి ఉంది.
సర్జన్‌దీ తప్పు కాదు,
ఆ రాత్రి తియ్యకపోతే మనిషే దక్కడు.
ఫైలు ఎవరు తిరగేసినా
ఈగ వాలే మచ్చ కనపడదు.
అదే నన్ను మూడు రాత్రులు నమిలింది.

నాలుగో రాత్రి రిపోర్టు ఫారం తీసి
పొరపాటు ఎవరిదన్న గడిలో నా పేరు రాశాను.
సిస్టర్ రయ్యా చదివింది,
కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివింది.
తిట్టలేదు.
"అతనికి చెప్పావా?" అంది.
లేదు. ముందు కాగితానికి చెప్పాను.

వెళ్లి చెప్పాను.
క్షమించాడా అని అడుగుతారు ఈ మాట విన్నవాళ్లు.
ఏమీ అనలేదు. సెలైన్ చుక్కలు చూస్తూ పడుకున్నాడు.
క్యాంపు బాసు ఫోనులో ఉన్నాడంటే మాత్రం
"వానికేం చెప్పకు" అన్నాడు,
"నా కాలు. నేనే చెప్త."
కంపెనీ పేరు చెప్పి మూడుసార్లు గద్దించాడు ఆ బాసు.
చెప్పలేదు.

డిశ్చార్జి రోజు
ముద్ర అడిగితే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
"మొత్తం సదువు."
నాలుగు పేజీలు. చదివాను.
"మల్ల సదువు."
చదివాను. చక్రాల కుర్చీ తోసే కుర్రాడు
గోడకి ఆనుకుని నిద్రపోయాడు.
అప్పుడు చాపాడు వేలు.
స్పిరిట్ దూదితో ఎంత తుడిచినా
గోరుసందులో ఊదా మరక ఉండిపోయింది.
దాంతోనే విమానం ఎక్కాడు.

అందుకే మూత పెట్టమన్నా.
ఆరో మంచం ముసలావిడకి స్వాహిలీ తప్ప రాదు.
కొడుకు వచ్చి, అమ్మకి చెప్పేశాను,
సరేనంది, కానివ్వండి అంటున్నాడు.
కానివ్వం. దుబాసీ దారిలో ఉంది.
వచ్చాక, అర్థమైందా అని మాత్రం అడగకు.
ఆ ప్రశ్నకి అందరూ తలూపుతారు.
ఏం చెయ్యబోతున్నామో ఆవిడనే చెప్పమను.
ఎక్కడ కోస్తామో
తన వేలితో చూపించమను.