ఆరో చానెల్

రామగిరిల పర్వతాలు సారు ఇంటికి పోయిన.
కంప్లయింటు: రాత్రి ఎనిమిదైతే నెట్టు సస్తది.

నా ఫోన్ల గాలిని తెరిచి చూపించిన.
ఒక్క గల్లీల ఇరవై మూడు పేర్లు.
వీరభద్ర నిలయం, పోర్షన్ త్రీ,
ఊకె అడగొద్దు, కట్టినోళ్లకే,
ఎవరిదో కాలం చేసిన తాత పేరు, పుట్టిన సంవత్సరంతో సహా.
అందరూ ఆరో చానెల్ మీదనే.

"పశువుల అంగడి లెక్క సారూ,
ఒగని మాట ఒగనికి వినబడది.
వినబడలేదని మళ్ల అదే మాట అంటరు,
ఒకడు ఆగేదాక ఇంకొకడు గుటకలు మింగుతడు."
కింద బేకరీల పఫ్‌లు వేడి చేసే డబ్బా ఒకటి,
సరిగ్గ ఎనిమిదింటికి అది గూడ నోరు తెరుస్తది.

"తలుపులేసుకుంటె ఆగదా?" అన్నడు.
ఆగది. తలుపు దానికి పల్చటి పంచె.
నీళ్లకయితె కొంచెం ఆగుతది:
సంపు, చేపల తొట్టి, మనిషి.
మనిషి అడ్డమొస్తె సిగ్నల్ ఒక గీత తగ్గుతది.
మనం గూడ నీళ్లమే గద,
నల్లగొండ నీళ్లం.
కండ్లకు కనబడనిది ఎముకలల్ల కూసుంటదని
మా నాయిన నడక చూసి నేర్చినోణ్ణి.
గాలిల ఏముంటదని ఎవరన్న అడిగితె
నేను నవ్వ.

పదకొండుకు మార్చిన. నెట్టు లేచి కూసున్నది.

లోపల జరిగేది పెద్ద ముచ్చటేం గాదు.
ఉన్నవా, అంటది ఒకటి.
ఉన్న, విన్నవా, అంటది ఇంకోటి.
విన్న.
గంతె. ఆ తర్వాతనే అసలు మాట.
మా ఇంట్ల పొద్దుగాల ఇంత గూడ జరగది.

ఆ మాటను గూడ నిండుగ పంపది.
ముక్కలు చేసి, ముక్క ముక్కకు నంబరేసి
ఒకటి సూర్యాపేట మీదికెళ్లి, ఒకటి నార్కట్‌పల్లి మీదికెళ్లి.
ముందు బయలెల్లింది వెనక చేరినా
అవతలోళ్లు వరుసపెట్టి కుట్టుకుంటరు.
తప్పిపోయిన ముక్కను నంబరు చెప్పి అడుగుతరు.

రూటర్ పేజీ తెరిచిన.
అడ్మిన్, అడ్మిన్. ఊరంతకు ఒకటే తాళంచెవి.
కిరాయిదార్ల లెక్క అందరికీ తలా ఒక అడ్రసు,
గడువు ఒక దినం.
టీవీ. సారు ఫోను. అమ్మ ఫోను.
కోడలు ఫోను, రాత్రి రెండుంబావు నుంచి మూడున్నర.
రోజూ.

సారు కుర్చీ దగ్గరికి జరిపిండు.
గొంతు తగ్గించిండు.
"ఏం చూస్తదో తెలుస్తదా?"

కొంచెం తెలుస్తది.
ఉత్తరం కనబడది, దానికి తాళముంటది.
కవరు మీద ఊరి పేరు కనబడుతది.
ఆ పేరు చదివిన.
మీకు గూడ చెప్ప.

"తెలువది సారూ" అన్న.
అబద్ధం ఆడనోణ్ణేం గాదు,
రేపొస్తమని దినాం పదిమందికి చెప్తం.
అవి చెప్పినంక గొంతుల కొంచెం గీక్కుంటది.
ఇది గీక్కోలే.

కోడలు చాయ్ తెచ్చింది.
రూటర్ దిక్కు చూసింది, నా దిక్కు చూడలే.
నా ఫోన్ల ఒక గీత తగ్గింది.
ఆమె పోయినంక మళ్ల వచ్చింది.

తాళంచెవి మార్చిన.
కొత్తది చీటీ మీద రాసి, ఖాళీ కప్పు ఎత్తి
సాసరుల పెట్టి, కప్పు దాని మీద పెట్టిన.
కప్పులు ఎత్తేది సారు గాదు గద.

గడియారం సెంటర్ల బండి ఆపిన.
జేబుల నా పాత ఫోను
అలవాటు కొద్దీ పిలుస్తనే ఉంది,
ఎన్నడో ఒక్కసారి కలిసిన ఇండ్లను, పేరు పేరునా.
వీరభద్ర నిలయమా, ఉన్నవా.
పోర్షన్ త్రీ, ఉన్నవా.
నడుమ హాలియల ఒక లాడ్జి పేరు గూడ.

చెరుకురసం బండి కాడ నిలబడ్డ పిలగాడు,
వానికి ఆ చదువొస్తె వినగలడు.
సప్పుడు లేదని గాదు,
మన చెవులకు లేదు.

ఫోన్ తీసిన. పట్టీల ఆ ఒక్క పేరు వెతికిన.
మర్చిపో, అని అడుగుతది ఒక బటను.
బొటనవేలు
జరసేపు దాని మీదనే ఆగింది.