త్రాసు ముల్లు

రాజేంద్రనగర్‌లో మే నెల.
రేకుల కప్పు మీద గోనె సంచులు పరిచి
గంటకోసారి నీళ్లు చల్లుతాడు మైసయ్య.
కింద, ఊక పరుపు మీద
నాలుగు గదులు, గదికి ముప్పై పిల్లలు,
ప్రతి కాలికీ ఒక అంకె.

మొదటి గదికి ఉత్త దాణా.
మిగతా మూటికీ
మక్కపిండిలో, సోయాచెక్కలో
కంటికి ఆననంత మందు,
సర్పగంధ వేరులోంచి తీసిన నిమ్మళం.
గది గదికీ కాస్త ఎక్కువ.
నేనే తూచి, నేనే కలిపాను,
మూతికి గుడ్డ కట్టుకుని మరీ,
ఆ నిమ్మళం నాకు అంటకుండా.

శంషాబాద్‌లో లేచిన విమానం
కప్పు మీదుగా పోయినప్పుడల్లా
మొదటి గది మొత్తం ఒక మూలకి ఉరుకుతుంది,
ఒకదాని మీద ఒకటి, తెల్లటి కుప్ప.
నాలుగో గదిలో
ఒకటో రెండో మెడలు లేస్తాయి,
ఎవరో పేరు తప్పు పిలిచినట్టు,
మళ్లీ తొట్టిలోకి వాలతాయి.

"గీ గది పిల్లలు మంచిగున్నయ్ మేడం.
కయ్యం లేదు, కలత లేదు."
నిజమే. మూడో వారానికి
నలభై గ్రాములు ఎక్కువ.
మా సారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
"భయపడితే తిన్నది ఒంటికి పట్టదమ్మా" అన్నారు.
సెమినార్ ముందు రాత్రుల్లో
మెస్‌లో నేను వదిలేసిన పళ్లేలు గుర్తొచ్చాయి.

అత్తాపూర్‌లో చికెన్ కొట్టు ముకర్రం భాయ్‌కి చెబితే
కత్తి ఆపి, నా వంక చూసి,
"మందెందుకు బాజీ?
నా జాలీలో ఉన్నవి చూడు,
ఉత్తగనే సప్పుడు చెయ్యవు" అన్నాడు.

ఐదో వారం ఒక రాత్రి కరెంటు పోయింది.
హిమాయత్‌సాగర్ వైపు నుంచి గాలిదుమారం.
విరిగిన కొమ్మ చీల్చిన కంతలోంచి
ఏదో దూరింది. ముంగిస అన్నాడు వాచ్‌మన్,
జంగుపిల్లి అన్నాడు మైసయ్య.
మొదటి గదిలో దూరి ఉంటే
అవి అరిచి అరిచి క్వార్టర్లన్నీ లేపేవి.
అది దూరింది నాలుగో గదిలో.

పొద్దున ఆరింటికి చూస్తే
తొమ్మిది లేవు. సరిగ్గా చెప్పాలంటే
తొమ్మిదీ ఉన్నాయి, తలలు లేవు.
మిగిలిన ఇరవై ఒకటి
వాటి పక్కనే నిలబడి దాణా తింటున్నాయి.

గోడ అవతలే మైసయ్య మంచం.
"ఒక్కటన్న మొత్తుకుంటే లేద్దును గదా మేడం.
ఒక్కటన్న."

రిజిస్టర్‌లో మరణాలకు ఒక గడి ఉంది.
తొమ్మిది అని వేశాను.
కారణం: మందుకు సంబంధం లేదు.
మధ్యాహ్నం ఆ ముక్క కొట్టేశాను.
సాయంత్రం మళ్లీ అదే రాశాను,
ఇంకో మాటకి ఆ గడిలో చోటు లేదు.

ఆఖరి తూకం.
నాలుగో గది కోడి పళ్లెంలో
పెట్టింది పెట్టినట్టే కూర్చుంటుంది.
ముల్లు ఒక్కచోట ఆగుతుంది.
రెండు వేల నూట పది. చదవడం తేలిక.

మొదటి గది కోడిని
రెక్కలు కలిపి పట్టుకోవాలి.
గీరుతుంది, రెట్ట వేస్తుంది,
ముల్లు కొట్టుకుంటుంది:
రెండు వేల ఇరవై, పందొమ్మిది వందల అరవై,
రెండు వేల ఎనభై...
మోకాళ్ల మీద కూర్చుని
ఆ ఊగులాటలో నడిమి అంకె కోసం
చాలాసేపు చూశాను.

"రాస్కోండ్రి మేడం" అంటాడు మైసయ్య,
ముంజేతి మీద ఎర్రగీత తుడుచుకుంటూ,
ఎందుకో నవ్వుతూ.