ఉత్త సంచి

ఐతారం మూడు గొట్టంగ లేస్త.
డిపోల డ్యూటీ ఉన్ననాడు
ఆరింటికి గూడ లేవని నన్ను
అలారం లేకుండనే లేపుతయి నీళ్లు.
"పో, పొయ్యి ఆ కిష్ణమ్మనే పెండ్లి జేస్కో"
అనుకుంటనే మణెమ్మ ఫ్లాస్కుల చాయ పోస్తది.
తిట్టు వారం వారం మారుతది,
చాయల అల్లం మారదు.

దేవరకొండ దాటినంక చలి.
మౌలాలి బండి నడుపుతడు, నా ఒళ్లె ఎర్రల డబ్బ,
సోంపు గలిపిన పల్లిచెక్క ముద్ద,
బనీను గుడ్డల సుట్టిన రీలు.
నేరేడుగొమ్ము దిక్కు రోడ్డు
గుట్టలల్ల తిరిగి తిరిగి
నీళ్ల కాడ చెప్పకుండనే ఐపోతది.

ఒడ్డుకు నూకరాజు పడవ.
వాళ్ల తాత విశాఖపట్నం కెళ్లి
వలమూట నెత్తిన వెట్టుకొని వచ్చిండట.
సముద్రపోళ్ల ఇంట్ల పుట్టి
సముద్రమే జూడలే నూకరాజు.
"ఉప్పగుంటదంట గద సారూ,
మరి చాపకు మళ్ల ఉప్పెందుకేస్తరు?"
అనుకుంట ఇంజన్ తాడు గుంజుతడు.
మూడోసారికి అంటుకుంటది.
మెకానిక్కును నేను, నాకు సిగ్గయితది.

మొదటి ఐతారం గాలి.
పడవ ఒక తాన నిలువదు,
బెండు ఏది, అల ఏది, తెల్వదు.
రెండో ఐతారం నడినీళ్లల్ల డీజిలు ఒడిసింది,
గంటన్నర తెడ్డేసినం,
చేపలు కింద నవ్వుకున్నయో ఏమో.

మూడో ఐతారం బరువుగ తాకింది.
గుంజితే కదిలింది, కొట్టుకోలేదు.
పైకొచ్చినంక జూస్తే
తుప్పు వట్టిన తలుపు గొళ్లెం.
ఎవల ఇల్లో, ఏ రాత్రి ఏసిన గొళ్లెమో.
నూకరాజు దాన్ని చేతుల తిప్పి తిప్పి జూసి
నీళ్లల్ల ఇసిరెయ్యలే, వంగి మెల్లగ ఇడిసిండు,
నిద్రవోయిన పిల్లను మంచం మీద వండవెట్టినట్టు.
ఆనాడు మళ్ల గాలం ఎయ్యబుద్ధి గాలే.

నాలుగో ఐతారం.
పొద్దు గుట్ట మీదికి రాకముందే
బెండు మునిగింది.
లేసింది.
ఊకుంది.
మళ్ల మునిగింది, ఇగ లేవలే.

"వాలుగ!" ఇంజన్ బందు వెట్టిండు నూకరాజు.
తంగూసు కుట్టుమిషన్ లెక్క కూతవెట్టుకుంట
వేలు కోసుకుంట పోతనే ఉన్నది.
"ఇడువు, ఇడువు, ఇగ గుంజు, అరే ఇడువురా..."
మౌలాలి నోట్ల బూతూ దువా కలిసే వచ్చినయి.
నలభై నిమిషాలంటడు వాడు.
నాకైతే ఒక్క చాయ తాగినంత సేపు.
పడవ పక్కకు వచ్చింది. ముగ్గురం జూసినం:
పారంత తలకాయ, పొడుగు మీసాలు,
తోమిన ఇత్తడి బిందె లెక్క మెరిసే పక్క.
అది గూడ మమ్ముల జూసింది.
నూకరాజు జాలి సాపిండు.
బెత్తెడు దూరం.

టప్.

తెగిన తంగూసు గాలిల సుట్టుకుంట నా మొకానికి తాకింది.
నీళ్లు మాత్రం
ఏం జరగనట్టు సర్దుకున్నయి.
ఫ్లాస్కుల చాయ సల్లారిపోయింది, అయినా తాగినం.

రెండేండ్ల కింద పదకొండు కిలోల బొచ్చె వట్టి
డిపో గేటు కాడ ఫోటో దిగిన.
ఆ ముచ్చట ఇప్పుడెవ్వలు అడుగరు.
ఈ వాలుగ మాత్రం
పడవ కాడ పదిహేను కిలోలు,
దేవరకొండ చౌరస్తాల ఇరవై,
మౌలాలి టైర్ల దుకాణం కాడికొచ్చేసరికి ముప్పై.
నేను కాదనలే.

జాలిపడి నూకరాజు నాలుగు జెల్లలు సంచిలేసిండు.
మణెమ్మ బూడిదేసి తోముకుంట
ఒక్కొక్కదాని నోరు తెరిచి జూసింది.
"గాలం గాటేది?"
నేను దండెం మీద తువ్వాల సర్దుకుంట నిలవడ్డ.
ఆమె ఇంకేం అడుగలే. పులుసుల చింతపండు ఎక్కువేసింది.

తెల్లారి సోమారం,
అచ్చంపేట బస్సు కింద ఎల్లెలుకల పండుకొని
క్లచ్చు వైరు గుంజుతున్న.
కోసుకున్న వేలు మీద కట్టు, కట్టు మీద గ్రీజు.
అటు కొస ఎక్కడ్నో తట్టుకొని
వైరు ఒక్కసారి
ఎనుకకు గుంజింది.

"ఏమైందన్నా, కదులవు?" అన్నడు హెల్పరు.
ఊకోమన్న చేత్తోటి.