చూసినందుకు ఐదొందలు

ఈ బండి నాకు రొయ్యల తెగులు వల్ల దక్కింది.
ఉండి దగ్గర పదెకరాల చెరువు
తొంభయ్యో రోజున వైట్‌స్పాట్ కొట్టి తేలిపోతే
కుర్ర రైతు ఒకడు సగం ధరకి వదిలేశాడు.
పెద్ద టర్బో, బంపర్ నిండా ఇంటర్‌కూలర్,
వెనక చెయ్యి దూరేంత సైలెన్సర్ గొట్టం.
అన్నీ మార్చాడు గానీ ఇంజను బుర్రలో లెక్కలు
కంపెనీ నాటివే ఉంచేశాడు.
మూడు వేలు దాటితే చాలు
రెండో ఎక్కం దగ్గరే ఆగిపోయిన పిల్లాడిలా
తడబడుతుంది, దగ్గుతుంది,
ఓ నిప్పురవ్వ ఉమ్మి ఊరుకుంటుంది.

నా పని చెరువుల్లో ఆక్సిజన్ చూడడం.
తెల్లారగట్ల మూడున్నరకి గట్టు మీద నిలబడి
మీటరు తీగ నీళ్లలోకి వదులుతాను.
అంకె బాగా దిగిందంటే రొయ్య పైకొచ్చి మీసాలాడిస్తుంది.
రైతు నా మొహం చూస్తాడు.
అంకె చెబుతాను. అంకె తప్ప ఇంకేం చెప్పను.

భీమవరం బైపాస్‌లో అద్దాల షాపు.
ఏసీ, కాఫీ, గోడ మీద మంటలు కక్కే టైరు బొమ్మ.
బానెట్ ఎత్తకుండానే అన్నాడు,
"రెండొందల నలభై గుర్రాలు గ్యారంటీ మేడం."
ఎలా తెలుసన్నాను.
"అందరికీ అదే ఫైలు వేస్తాం."
ఒకే మందు డబ్బాతో
ఊళ్లో చెరువులన్నిటికీ వైద్యం చేసిన
ఫీడ్ ఏజెంటు ఒకడు గుర్తొచ్చాడు.
కాఫీ మాత్రం బాగుంది.

రాజమండ్రిలో రోలర్లెక్కించి, గొలుసులు కట్టి,
ఉన్నచోటే పరిగెత్తిస్తారు గానుగెద్దులా.
పని వచ్చు వాళ్లకి, కాదనను.
కాగితం మీద గీత నున్నగా ఎక్కి దిగింది.
కానీ నేనడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు
నా వెనక నిలబడ్డ ల్యాబు కుర్రాడు గంగరాజుకి చెప్పారు.
వాడికి సైకిలు తప్ప ఏదీ రాదు.
పాపం, తలూపుతూనే ఉన్నాడు.

జెకర్యా షెడ్డు పాలకొల్లు దాటాక కాలవ గట్టున.
సగం బోటు ఇంజన్లు, సగం ఏరియేటర్ మోటార్లు,
రెండు మీటలు ఊడిన ల్యాప్‌టాప్, దాని మీద కోడిపెట్ట.
"ఏ రోడ్డు మీద తిప్పుతావు? ఏ బంకులో పోయిస్తావు?
చలి వేళా, ఎండ వేళా?"
ఇవి నన్నెవరూ అడగలేదు.
పొగగొట్టానికి సెన్సరు బిగించి,
ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుని
"తొక్కమ్మా" అన్నాడు.
మా వైపు సూటి రోడ్డంటే రెండు తూముల మధ్య దూరం.
మూడో గేరు పడేలోపే
ఎదురుగా కొబ్బరికాయల ట్రాక్టరు.

"పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చెబుతుందిది,"
అన్నాడు, నాకేదో కొత్త సంగతి చెబుతున్నట్టు.
నవ్వు ఆపుకుని అంకె చూశాను.
పదమూడున్నర.
"పదకొండున్నర ఉండాలి. గాలి బాగానే మింగుతోంది,
పెట్రోలే అందట్లేదు. ఇలాగే తొక్కితే పిస్టను కరుగుద్ది."
షెడ్డుకొచ్చి సబ్బునీళ్లు పూశాడు,
సైకిలు ట్యూబుకి పూసినట్టు.
రబ్బరు గొట్టం కీలు దగ్గర
బుడగ ఒకటి తీరిగ్గా ఉబ్బి, పగిలింది.
"గొట్టం మార్చు. ఇంజెక్టర్లు పెద్దవి తెప్పించు.
అందాకా నేను లెక్కలు ముట్టుకోను."
ఎన్ని గుర్రాలొస్తాయన్నాను.
"తెలీదు. పెట్టాక చూద్దాం.
చూసినందుకు ఐదొందలు."

ఇచ్చాను. చెరువుకి నేను తీసుకునేదీ అంతే.

భీమవరం వాడు రోజూ మెసేజీ పెడుతున్నాడు,
ఈ వారంలో వస్తే స్టిక్కర్లు ఉచితమట.
ఇంజెక్టర్లు కొరియర్లో విజయవాడ దాటాయి.
అందాకా మూడు వేలు దాటనివ్వట్లేదు,
గట్ల మీద ఆటోలు కూడా నన్ను దాటిపోతున్నాయి.

ఇవాళ చీకట్లో బండి ఆపుతుంటే ఓ దగ్గు దగ్గింది.
చెరువు రైతు టార్చి ఇటు తిప్పి
"ఇంకా బాగు చేయించలేదా?" అన్నాడు.
చూపించానన్నాను.
తీగ నీళ్లలోకి వదిలాను.
నాలుగు పాయింట్ ఒకటి. మూడు తొమ్మిది.
"ఎంతండీ?"
ఆగండి, ఇంకా దిగుతోంది.