రబ్బరు లేని పెట్టె

మంగళ, గురు, శనివారాలు
వల్పరాయిసో కొండ కింద ఆసుపత్రిలో
నాలుగు గంటలు నా నెత్తురు
నన్ను వదిలి షికారు పోయి వస్తుంది.
నేను మాత్రం కుర్చీలోనే.

పక్క కుర్చీ ఎలెవుతేరియోది.
ముప్పయ్యొక్కేళ్లు ట్రాలీబస్సు నడిపినవాడు.
"తీగ ఎటు పోతే అటు, అంతే" అంటాడు,
బతుకంతా ఆ ఒక్క మాటలో మడిచేసి.
ఎడమచేతి నరం పాడయ్యాక
సూదులు కుడిచేతికి మారాయి.
మిగిలిన ఆ ఎడమచెయ్యి
టీ కప్పు తప్ప ఇంకేమీ ఎరగదు.

నర్సు యాస్నా ఆ చేతికి
అరచేతంత అట్టముక్కా, ఓ నల్లపెన్నూ ఇచ్చింది.
"బొమ్మలా? నేను కోడిని గీస్తే కుక్కయ్యేది."
"బొమ్మ కాదు. ఒక గీత.
దాని పక్కన దాని చెల్లెలు.
ఆ చెల్లెలి పక్కన ఇంకో చెల్లెలు."
"మరి రబ్బరు?"
"పెట్టెలో రబ్బరు పెట్టలేదు."

మొదటిరోజు గీతలు
తాగి ఇంటికొచ్చే అన్నదమ్ముల్లా వచ్చాయి.
నవ్వాను.
చేపల బజారులో నలభై ఏళ్లు పొలుసులు గీకినదాన్ని,
వరస నాకు కొత్తా?
"గీకావు సరే నెల్దా, ఎప్పుడైనా చూశావా?" అన్నాడు.

ఆ రాత్రి కూరకి తెచ్చిన చేపని
దీపం కింద పెట్టుకుని కూర్చున్నాను.
ఒక పొలుసు అంచు మీద ఇంకో పొలుసు
దుప్పటి పంచుకున్న పిల్లల్లా.
నిజమే. చూడలేదు.
ఆలస్యంగా, ఉప్పు లేకుండా తిన్నాను.

గురువారం నాకూ ఓ ముక్క ఇమ్మన్నాను.

పొలుసు పక్కన పొలుసు.
రెండింటి సందులో మూడోది.
ఊపిరి తీసేటప్పుడు పెన్ను ఆగుతుంది,
వదిలేటప్పుడు కదులుతుంది.
ఎవరూ నేర్పలేదు, చెయ్యే కనిపెట్టింది.
మనసు మాత్రం
గ్యాసు బిల్లు దగ్గరికీ,
ఆరేళ్లుగా మాట్లాడని అక్క గుమ్మం దగ్గరికీ
గంప ఎత్తిన కోడిలా పరిగెత్తేది.
తిట్టకుండా తోలుకొచ్చేదాన్ని
సగంలో ఆగిన పొలుసు దగ్గరికి.
మళ్లీ పోయేది.
మళ్లీ తోలుకొచ్చేదాన్ని.
ఇదేనా పని, అని అడిగితే
ఇదే పని, అంది యాస్నా.

ఎలెవుతేరియో తన ఇంటిగోడ గీస్తున్నాడు.
ఉప్పుగాలికి ఓర్చుకుంటుందని
మా ఊళ్లో గోడలకి కొట్టే ముడతల రేకు.
మిట్ట, పల్లం, మిట్ట, పల్లం.
కొండంతా అదే రేకు,
రంగులకే తగువు.

శనివారం మూడో గంటలో
భూమి కదిలింది.
పెద్దదేం కాదు, మా దేశానికి అది దగ్గు.
సెలైన్ సీసాలు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.
యాస్నా రెండు చేతులూ రెండు యంత్రాల మీద వేసి నిలబడింది.
మేమెవరం లేవలేదు.
ఎలా లేస్తాం, ఒంటి నిండా గొట్టాలు.
పదకొండు, పన్నెండు,
ఆగింది.
ఎలెవుతేరియో పెన్ను ఎత్తనే లేదు.

పల్లంలోకి నున్నగా దిగాల్సిన గీత
రంపప్పళ్లై నిలబడి ఉంది.
"అయ్యో" అన్నాను.
నా వేళ్లు ఒళ్లో రబ్బరు వెతికాయి.
అతను దాన్ని చాలాసేపు చూశాడు,
మలుపులో తీగ జారిన బస్సుని చూసినట్టు.
తర్వాత కిందికి దిగి
చెల్లెలి గీతలో
సరిగ్గా అక్కడే, అంతే వణుకు పెట్టాడు.
ఈసారి కావాలని.
ఆ కింద చెల్లెలికీ పెట్టాడు.
మూడో గీతకి అది ఇంకా తప్పే.
అయిదో గీతకి అనుమానం.
తొమ్మిదో గీతకి
ఆ రేకు పుట్టడమే అలా పుట్టింది.

"ఎంతదాకా?" అన్నాను.
"అట్ట అయిపోయేదాకా."

నా యంత్రం కూత పెట్టింది.
షికారు పోయిన నెత్తురు ఇల్లు చేరింది.
యాస్నా సూది తీసి, దూది పెట్టి,
పది నిమిషాలు నొక్కి పట్టుకోమంది.
పట్టుకున్నాను.
అట్టముక్క మూలలో
ఇంకో రెండు పొలుసులకి చోటుంది.
దాన్నలాగే జేబులో పెట్టుకుని
కొండెక్కే బస్సు కోసం నిలబడ్డాను,
ఎదురుగా ఊరంతా
మిట్టా పల్లం, మిట్టా పల్లం.